కాబోయేవాడి పాట పాడిన మా సుభద్ర

నిన్న పొద్దున సుభద్ర తమ్ముడి కూతురు ఫోన్ చేసి, "అత్తయ్య నిద్రలోనే పోయిందండీ" అంది.

మొన్న సాయంత్రమే కదా తనతో మాట్లాడాను!

నూజివీడులో మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. వాళ్ళ నాన్నగారిది మామిడికాయల వ్యాపారం. అరవైల మొదట్లో ఆయన కొట్లోకి కొత్తగా రేడియో వచ్చింది.

అందులో ఒక సినిమా పాట తెగ వేసేవారు. కాబోయే మొగుడు ఎలా ఉండాలో ఒక అమ్మాయి చెప్పే పాట.

పొడుగ్గా ఉండాలి. సాయంత్రం పూలు తేవాలి. కోపం వచ్చినా గొంతు పెంచకూడదు.

సుభద్ర ఆ పాట పాడితే కొట్లో కాయలు ఏరేవాళ్ళు చేతులు ఆపి వినేవారు.

పెళ్ళిచూపుల్లో బాపులపాడు నుంచి వచ్చిన పెళ్ళికొడుకు ఒక సినిమా పాట పాడమన్నాడు. అదే పాడింది. అతను నవ్వాడు. సంబంధం ఖాయమైంది.

అతను పొట్టి. ఆ సంగతి మేమెవరం ఆలోచించలేదు. అతను మాత్రం మర్చిపోలేదు.

పెళ్ళయిన ఏడాది ఆవకాయ జాడీ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. హాల్లో చుట్టాలున్నారు. అతను సుభద్రని పిలిచి మధ్యలో నిలబెట్టాడు.

"మా ఆవిడకి ఎలాంటి మొగుడు కావాలో వినండి. పాడవే."

పాడింది.

పొడుగు అనే మాట రాగానే స్టూల్ ఎక్కి, "ఇప్పుడు సరిపోయానా?" అన్నాడు. పూల దగ్గరికి వచ్చేసరికి దేవుడి పటం మీది వాడిన దండ లాగి ఆమె తల మీద పడేశాడు. వాళ్ళత్తగారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. అందరూ నవ్వారు.

సుభద్ర శ్రుతి తప్పలేదు. అది చూడలేకపోయాను నేను.

ఇంటికొచ్చి వాళ్ళ నాన్నగారికి చెప్పాను.

"పాడమంటే పాడుతోంది. కొట్టట్లేదు కదమ్మా" అన్నారాయన.

ఏ చుట్టం వచ్చినా అదే తంతు. కొన్నేళ్ళు.

ఒకసారి వాళ్ళ బంధువుల పెళ్ళిలో మైక్ తెచ్చి ఆమె చేతికిచ్చాడు. సుభద్ర పాడలేదు.

"ఆ పాటలో ఉన్నది మంచి మొగుడండీ. మా ఆయన మీద ఇంకా ఎవరూ పాట కట్టలేదు" అంది. పందిరంతా విన్నది.

ఆ రోజు నుంచి అతను ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఎదురుగా ఉన్నా వాళ్ళమ్మతో, "అన్నం పెట్టమని దానికి చెప్పు" అనేవాడు.

తర్వాత హనుమాన్ జంక్షన్ దగ్గర అతన్ని లారీ గుద్దింది. నడుము కింద చచ్చుబడిపోయింది. కొన్నాళ్ళకి వాళ్ళమ్మ పోయింది. ఇంట్లో మిగిలింది ఇద్దరే. పిల్లలు లేరు.

అప్పుడు మొదలుపెట్టాడు మాట్లాడటం.

నేను వెళ్ళినప్పుడు ఆమె అతనికి అన్నం తినిపిస్తోంది. "సుభద్రా, ఒక్క మాట మాట్లాడవే. తిట్టు, పోనీ" అని ఏడుస్తున్నాడు. ఆమె మూతి తుడిచి, ఇంకో ముద్ద పెట్టింది. పక్క దులిపింది. కాళ్ళకి నూనె రాసింది. నోరు విప్పలేదు.

వంటింట్లోకి వెళ్ళి అడిగాను. "ఒక్క మాట మాట్లాడితే ఏం పోతుందే? చచ్చిపోయేలా ఉన్నాడు."

"చాకిరీలో లోటు చేస్తే చెప్పు. మాట సంగతి అడక్కు" అంది.

అలా చాలా ఏళ్ళు బతికాడు. చివరి రోజు కూడా ఆమె కొంగు పట్టుకుని బతిమాలాడట. ఆమె కొంగు విడిపించుకుని, తులసినీళ్ళు పోసిందట.

దయచేసి కింద "దేవత" అని కామెంట్లు పెట్టకండి. సుభద్ర దేవత కాదు. నాకు ప్రాణం.

సుభద్రా, ఇక నిన్ను ఎవరూ నిలబెట్టరు, ఎవరూ బతిమాలరు. ఏ గొంతూ వినపడనంత హాయిగా పడుకోవే.