ఎర్ర పెట్టె మీద నా వేళ్లు

నలభై ఏళ్లు దాటింది, ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దింపుకుందామంటే వినేదెవరని ఊరుకున్నాను. ఇవాళ మీరు దొరికారు. నా పేరు మాత్రం అడక్కండి.

డెబ్బైల చివర్లో డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉండేవాళ్లం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. నాకు డ్రైవింగ్ రాదు, బయట చూస్తే మంచు. పక్కింట్లో లిన్ గారని ఒక చైనా పెద్దాయన ఒంటరిగా ఉండేవారు. కూతురి కోసం ఒక ఎర్ర పెట్టె చేస్తున్నారు. చెక్కేది చెక్కను కాదు, పూతను. ఒక చెట్టు పాలలో ఇంగిలీకం అనే ఎర్రరంగు పొడి కలిపి పలచగా ఒక పూత, అది ఆరాక మరొకటి, అలా నూటికి పైగా. ఆ మందంలో పూలు చెక్కుతారు. విచిత్రం, ఆ పూత ఆరడానికి తేమ కావాలిట! అందుకే తడిగుడ్డలు వేలాడదీసిన బీరువాలో పెట్టేవారు. ఆ గదిలో కూర్చుంటే మధ్యాహ్నాలు ఎటు పోయేవో తెలిసేది కాదు. ఎర్రటి నీళ్ల అడుగున కూర్చున్నట్టుండేది.

నూనె తగిలితే పై పూత పట్టదని మొదటిరోజే చెప్పారాయన.

ఆ చలికాలం కూతురి దగ్గరికి వెళ్తూ, రెండు రోజులు గుడ్డలు తడపమని తాళం నాకిచ్చారు. తలకు కొబ్బరినూనె రాసుకుంటుంటే గుర్తొచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని పరుగెత్తాను. బీరువా తెరిచాను. కిటికీలోంచి మంచు వెలుతురు పడి, ఆ ఎరుపు ఊపిరి తీసుకుంటున్నట్టుంది. ముట్టుకున్నాను. ఎందుకంటే ఏం చెప్పను? అంత అందమైనది నా చేతికి అందేంత దగ్గరగా అంతకుముందు ఎప్పుడూ లేదు, అంతే. నాలుగు వేళ్ల జిడ్డు మెరిసింది. కొంగుతో తుడిచాను. పోయిందిలే అనుకున్నాను. పోలేదని నాకు తెలియదా? తెలుసు.

దాని మీద ఆయన ఇంకో అరవై పూతలు వేశారు. ఎండలు వచ్చాక చెక్కడం మొదలుపెట్టారు. నేను పక్కనే ఉన్నాను. ఒక పూరేకు చుట్టూ కత్తి తిప్పేసరికి అది మీగడలా లేచి వచ్చేసింది. ఆ తర్వాత పక్కది.

మా మాటలు ఇంగ్లీషులోనే. "అమ్మాయ్, దీన్ని ఎవరైనా టచ్ చేశారా?" అన్నారు.

"లేదండీ. గుడ్డలు తడిపి లాక్ చేసేశాను."

"అయితే నా చెయ్యే. ఓల్డ్ అయిపోయింది. నీ టైమ్ కూడా వేస్ట్ చేశాను, సారీ."

నాకు సారీ చెప్పారు! నాకు! నిజం చెబితే ఇక ఆ గదిలోకి రానివ్వరేమోనని భయం. నా నాలుగు మధ్యాహ్నాల సుఖం కోసం ఒక మనిషి తన చేతినే తాను అనుమానించుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. ఇంత పాపిష్టిదాన్నా నేను?

కత్తులన్నీ గుడ్డలో చుట్టి లోపల పెట్టేశారు. మళ్లీ తియ్యలేదు. ఆ గది మామూలు గది అయిపోయింది. ఎనభైల్లో ఆయన పోయినప్పుడు, నాన్నకు చేతులు ఎప్పుడో దెబ్బతిన్నాయని కూతురు అందరికీ చెబుతోంది. నేను తల ఊపాను. అవును, తల కూడా ఊపాను.

క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేరు, మీరు క్షమిస్తే నాకు ఒరిగేదీ లేదు. ఒక్క మాట ఎవరి చెవినైనా వెయ్యాలి, వేస్తుంటేనే కాస్త ఊపిరాడుతోంది. లిన్ గారి చేతుల్లో ఏ లోపమూ లేదు.