నానమ్మ ఎత్తని బోనం

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. పెద్ద కథేం కాదు, కానీ అరవై ఏళ్లుగా నా గొంతులోనే ఉండిపోయింది, గట్టిగా చెప్పలేను.

పొద్దున్నే చక్కెర చూడటానికి నా వేలికి సూది గుచ్చే ముందు కోడలు స్పిరిట్ దూదితో తుడుస్తుంది. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నేను ఇక ఈ నేరేడ్‌మెట్ ఫ్లాట్‌లో ఉండను. మారేడ్‌పల్లిలో మేమున్న రెండు గదుల పెంకుటింట్లో, మోకాళ్లు ముడుచుకుని, నానమ్మ పక్కన కూర్చుని ఉంటాను.

నానమ్మకూ చక్కెర రోగమే. అప్పుడు ఇళ్లలో అంకెలు చూపే మిషన్లు ఎక్కడివి? రైల్వేలో పనిచేసే మా నాయన ఎవరో కాంపౌండర్ దగ్గర నేర్చుకొచ్చి, రోజూ పొద్దున గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో నానమ్మ మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచేవాడు. అగ్గిపుల్ల గీసే పని నాది. నీలం నీలంగానే ఉంటే ఇంట్లో అందరి ముఖాలు తేటపడేవి. ఆకుపచ్చకు తిరిగితే ఆ పూట నానమ్మకు ఒక జొన్నరొట్టె తగ్గేది. ఇటుక రంగు వస్తే మాత్రం నాయన తినకుండానే డ్యూటీకి పోయేవాడు. ఆ రోగంతోనే మా గల్లీ చివరి ఇంటాయనకు కాలు తీసేశారు మరి.

ఆషాఢం వచ్చిందంటే ఇల్లంతా తడి సున్నం వాసన, వేపాకు వాసన, పెనం మీద కమ్మగా మాడే సర్వపిండి వాసన. మేము వాన ఆగిన సందులో తొక్కుడుబిళ్ల ఆడుతుంటే ఎక్కడో డప్పు మోగేది, కాళ్లు ఆగేవి కావు. బోనం మాత్రం నానమ్మదే. కొత్త కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు చుట్టి, బియ్యమూ పాలూ బెల్లమూ కలిపి ఉడికించి, పైన దీపం వెలిగించి తలకెత్తుకునేది. కాపురానికి వచ్చిన ఏడు మొదలు అది ఇంకొకరి తల మీదికి పోలేదు. అమ్మవారికి పెట్టకముందు ఎవరూ నాలుక మీద వేసుకోరాదు కాబట్టి, తీపి సరిపోయిందో లేదో ఆవిరి వాసన చూసే చెప్పేది. పెట్టిన తర్వాత కూడా, రోగం వల్ల, ఆమెకు దక్కేది ఒక్క మెతుకు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, బోనాలకు వారం ముందు, గల్లీలోకి బల్ల వేసుకుని కలరా సూదులు వేసేవాళ్లు వచ్చారు. నానమ్మకూ వేశారు, నాకూ వేశారు. చెయ్యి వాచింది, ఇద్దరికీ జ్వరం. ఏడవకుండా ఉంటే బోనమయ్యాక బెల్లం ముక్క పెడతానని నానమ్మ నాకు మాటిచ్చింది. అంత ఓపిక నాకెక్కడిది? మర్నాడు పొద్దున్నే స్టూలెక్కి, అమ్మవారి కోసం గుడ్డ కట్టి పెట్టిన ఇత్తడి గిన్నె విప్పి, బెల్లం గడ్డ ఒక మూల కొరికేశాను. దిగేసరికి నానమ్మ ఎదురుగా నిలబడి ఉంది. కొంగుతో నా మూతి తుడిచింది.

అదే పొద్దున గాజు గొట్టంలో ఇటుక రంగు వచ్చింది. నాయన నేరుగా గిన్నె దగ్గరికి పోయాడు.

"అమ్మా, బెల్లం ముట్టినవా?"

"లేదు బిడ్డా. సూది ఏసినప్పటిసంది ఒళ్లు కాలుతున్నది. గందుకే ఎక్కిందేమో."

"చేతికి ఏసిన సూదికి చక్కెర ఎట్ల ఎక్కుతదే? మరి గీ బెల్లం ఎవరు కొరికిండ్రు?" నాయన నా వైపు తిరిగాడు. "నువ్వు ఇంట్లనే ఉన్నవ్ గదా. చెప్పు."

నానమ్మ నన్నే చూస్తోంది. నేను చెబుతానని ఎదురుచూసిందని ఇప్పుడు తెలుస్తోంది నాకు.

"నానమ్మనే తిన్నది," అన్నాను.

రోగంలో తిన్నదని నాయనకు కోపం, అమ్మవారి బెల్లం ఎంగిలి చేసిందని అమ్మకు భయం. ఆ బెల్లం పారేసి కొత్తది తెచ్చారు. ఆ ఏడు బోనం అమ్మ ఎత్తింది. బోనమెత్తిన వాళ్ల కాళ్ల మీద నీళ్లు పోయాలి కదా, ఆ చెంబు పట్టుకుని గడపలో నిలబడింది నానమ్మ. కోడలి కాళ్ల మీద పసుపునీళ్లు పోసి లోపలికి వచ్చి, నడుముకున్న ఇంటి తాళపు చెవులు తీసి తనే అల్మారాలో పెట్టేసింది.

అంతకు ముందే, సూది వేసిన ఐదో రోజుకే, గొట్టం మళ్లీ నీలంగా నిలిచింది. బెల్లం దాచేస్తే చక్కెర ఎట్ల దిగిందో చూడమని నాయన అందరికీ చెప్పాడు. అందరూ అదే నమ్మారు. ఆ తర్వాత నానమ్మ నాకు నూనె రాసింది, జడ వేసింది, కానీ అగ్గిపుల్ల మాత్రం తనే గీసుకునేది. మరుసటి ఏడు బోనం ఎత్తమంటే, "వద్దులే, మెడ ఆగుత లేదు," అంది.

పోయిన నెల ఫ్లూ సూది వేయించుకుని వచ్చాను. రాత్రికి జ్వరం, పొద్దునకు మిషన్‌లో అంకె ఎప్పుడూ లేనంత పైకి. నా కొడుకు మంచం పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"నిజం చెప్పమ్మా, ఏం అననులే. ఏం తిన్నవ్?"

ఏమీ తినలేదన్నాను. వాడు నా దిండు ఎత్తి చూశాడు. నేను ఎత్తుకుని పెంచినవాడి చేతులు నా దిండు కింద వెతికాయి. ఆ నిమిషం నా ఒంట్లో ఏది విరిగిందో, ఆ గడపలో చెంబు పట్టుకున్న ఆమెకు ఏది విరిగి ఉంటుందో, రెండూ ఒక్కసారే తెలిశాయి.

మూడో రోజు ఆసుపత్రికి ఫోన్ చేస్తే నర్సమ్మ చెప్పింది: సూది తర్వాత జ్వరమొచ్చి కొందరికి రెండు మూడు రోజులు చక్కెర పెరుగుతుందట, మందులు మానకుండా నీళ్లు తాగుతూ చూసుకుంటూ ఉండాలట, దిగకపోతే రమ్మంది. దిగింది. నా కొడుకు నా రెండు చేతులూ పట్టుకుని, "తప్పయిందమ్మా," అన్నాడు. వాడికి చెప్పుకోవడానికి ఎదురుగా నేనున్నాను. నాకెవరున్నారు?

ఆ పెంకుటిల్లు లేదు, గాజు గొట్టం లేదు, నీలం మందు లేదు. వాసన ఒక్కటే రోజూ పొద్దున వచ్చి పోతుంది.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద పాలు పొంగాలి. మీ ఇంటి బోనం ఎవరి తల మీద ఉండాలో వాళ్ల తల మీదే ఉండాలి.