బర్రెను కట్టిన రాయి

పన్నెండేళ్ల కిందట, మే నెల మొదటి సోమవారం నేను నందిగామలో మండల సర్వేయరుగా చేరాను. అంతకుముందు జగ్గయ్యపేటలో పొలాలు కొలిచే గొలుసు లాగే చైన్‌మన్‌ని. లెక్కలు ఎవరూ నేర్పలేదు, గొలుసు లాగుతూ నేర్చుకున్నాను. గొలుసుకు నూరు లింకులు, అరవై ఆరు అడుగులు.

మొదటి పని చిల్లకల్లు రోడ్డు పక్క ఊళ్లో పుల్లయ్య పొలానికి హద్దు కొలవడం. కొలతకు ముందు పక్క రైతులందరికీ నోటీసు ఇవ్వాలి. పక్క చేను మరియమ్మది. ఆమె మైలవరం మామిడి తోటల్లో కోతకు వెళ్లడంతో తాళం వేసిన తలుపుకే నోటీసు అంటించాం.

"మరియమ్మ వదినకి ఫోన్లో చెప్పానండి, ఏం మాట్లాడలా. మౌనం అర్ధాంగీకారం కదండీ!" అన్నాడు పుల్లయ్య కొలత రోజు. అందరితో పాటు నేనూ నవ్వి, ఆమె పేరు ఎదుట 'అభ్యంతరం లేదు' అని రాశాను. గట్టు మీద కనిపించిన రాతి నుంచి గొలుసు వేశాను. అభ్యంతరమే లేనప్పుడు ఎందుకని రెండో వైపు నుంచి సరిచూడలేదు. మరియమ్మ బోరు పుల్లయ్య హద్దులో పడింది. ఆమె చేనుకు నీళ్లన్నీ ఆ బోరువే.

మూడో రోజు ఆమె ఆఫీసుకు వచ్చింది.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు గదండీ. నన్ను అడక్కుండానే నా బోరు ఆయనకెట్టా పెట్టారు?"

నోటీసు అంటించామన్నాను.

"అయితే మా తలుపు ఒప్పుకుందా అండి?"

తహసీల్దారుగారు పక్క గదిలోంచి నవ్వుతూ వచ్చారు. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదని రాజ్యాంగం మూడువందల-ఎ అధికరణం చెబుతోందనీ, ఆమె అడిగేది అదేననీ అన్నారు. నేను ఒక సామెతను నమ్మి ఆ హక్కును దాటేశానని కూడా అన్నారు. మళ్లీ కొలవమన్నారు.

ఈసారి అందరికంటే ముందు ఆమే వచ్చింది. నేను అదే రాతి దగ్గర గొలుసు పెట్టబోతుంటే ఆపింది.

"అది హద్దురాయి కాదండి. మా మామ బర్రెని కట్టెయ్యటానికి పాతిన రాయి."

అసలు రాయి కంప కింద చూపించింది. రెంటికీ తేడా పద్నాలుగు లింకులు, అంటే తొమ్మిదడుగుల మూడంగుళాలు. ఈసారి రెండు వైపుల నుంచీ కొలిచాను. రెండు లెక్కలూ కలిశాయి. బోరు ఆమె హద్దులోనే ఉంది.

పుల్లయ్య తల గోక్కుని, "వదినా, మైలవరం నుంచి మామిడికాయలేమన్నా తెచ్చావా?" అన్నాడు.

"అడిగావుగా, పెడతాలే," అంది.

ఆ తర్వాత స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునే దాకా రాని రైతు పేరు ఎదుట 'రాలేదు' అనే రాశాను, మరో తేదీ వేశాను. పక్క రైతును పిలవడం మర్యాద కోసం అనుకునేవాణ్ణి. అది కొలతలో భాగమే. ఆ రైతు మాట వినకుండా వేసిన గొలుసు ఎంత బిగువుగా ఉన్నా, బర్రెను కట్టిన రాతి దగ్గరే మొదలు కావచ్చు.