పవర్ బటన్ మీద ఎర్ర స్టిక్కర్

సార్ పోయారన్న సంగతి నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. నేనే చేశాను, అదీ నా అవసరానికి.

తూంకుంటలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం నాది. సెలవుల్లో ముప్పై కంప్యూటర్లకూ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించమన్నారు, ఎక్కించాను. పొద్దున వచ్చి చూస్తే పందొమ్మిది మంచిగానే లేచాయి. పదకొండు మాత్రం నల్లటి తెర మీద తెల్ల చుక్కలు గుండ్రంగా తిప్పుకుంటూ అక్కడే ఆగిపోయాయి. ఇలాంటప్పుడు నేను బుర్ర బద్దలు కొట్టుకోను, సార్‌కు ఫోన్ చేస్తాను. ఆ రోజూ అదే చేశాను. ఎత్తింది అమ్మ. సార్ భార్యను నేను అమ్మా అనే పిలుస్తాను.

"తెల్లారంగ సార్ పాణం పోయింది బిడ్డా. దవాఖానకు తీస్కపోయేదాంక గూడ ఆగలే" అంది.

నేను ఆమెతో ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఫోన్ పెట్టేశాక ఆ పదకొండు తెరల మధ్య చాలాసేపు నిలబడ్డాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి మూడేళ్లుగా నా దగ్గర ఉంది. రేపు చెప్తాను, ఈసారి కలిసినప్పుడు చెప్తాను అనుకుంటూ ఇన్నాళ్లు నెట్టుకొచ్చాను. ఇక వినడానికి ఆయన లేరు. ఆ మాటేమిటో మీకు తెలియాలంటే ముందు సార్ ఎలాంటి మనిషో తెలియాలి.

మేడ్చల్‌లో బస్టాండుకు దగ్గర్లో, మెట్లెక్కి పోతే ఒక గది. ఒకప్పుడు అది టైప్ ఇన్‌స్టిట్యూట్. మా మేనమామ సహా ఊళ్లో చాలామంది గుమాస్తాలు ఆయన దగ్గర టైపు పరీక్ష లోయరో హయ్యరో పాసైనవాళ్లే. టైపు మిషన్ల కాలం అయిపోయాక సార్ మూల కూర్చుని తిట్టుకోలేదు. కంప్యూటర్ విప్పడం, బిగించడం నెత్తి నెరిశాక కూర్చుని నేర్చుకున్నారు. నేను ఇంటర్ అయ్యాక ఆయన దగ్గర నేర్చుకోవడానికి వెళ్లి అక్కడే పనిలో కుదిరిపోయాను. మొత్తం ఆరేళ్లు.

ఆయన పద్ధతి చూస్తే తొందర మనుషులకు ఒళ్లు మండేది. నాకూ మండేది. వచ్చిన కంప్యూటర్‌ను వెంటనే ముట్టరు. తెచ్చినవాళ్లను ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి ఒకటే అడుగుతారు: "ఆఖరికి ఏం జేసినవ్?" అందరూ చెప్పే జవాబు కూడా ఒకటే, ఏం జేయలే సార్ అని.

ఒకసారి శామీర్‌పేట నుంచి ఒక ఆసామి వచ్చాడు. భూములున్న మనిషి, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. సీపీయూని దుప్పట్లో చుట్టి డ్రైవర్‌తో మోయించుకొచ్చాడు. అప్‌గ్రేడ్ చేసిన మర్నాటి నుంచి కంపెనీ బొమ్మ చూపించి అక్కడే హ్యాంగ్ అవుతోందట. సార్ అడిగారు. ఏం జేయలే అన్నాడు. మళ్లీ అడిగితే, ఏం జేయలేదని చెప్తున్న గద అని గొంతు పెంచాడు. సార్ టీ తెప్పించారు. టీ సగమయ్యాక మూడోసారి అడిగారు, మొదటిసారి అడిగినంత మెల్లగానే. అప్పుడు ఆసామి మీసాల్లో గొణిగాడు, తమ్ముడి కొడుకు ప్లాట్ల మ్యాపు ఏదో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వెనకాల పెట్టాడని. సార్ దుప్పటి తొలగించి వెనక్కి చెయ్యి పోనిచ్చి ఆ పెన్‌డ్రైవ్ పీకి ఆయన అరచేతిలో పెట్టారు. వైర్లు తగిలించి బటన్ నొక్కారు, అంతే, మిషన్ లేచింది. తన లోపలున్న సిస్టమ్‌ను వదిలేసి, అది ఆ పెన్‌డ్రైవ్‌లో సిస్టమ్ కోసం వెతుకుతూ కూర్చుందన్నమాట.

ఆసామి మెట్లు దిగాక నేను పడీ పడీ నవ్వుతుంటే సార్ నవ్వలేదు. "మిషన్ అబద్ధం జెప్పదు బిడ్డా. మనిషి జెప్తడు, భయానికి. భయం దిగేదాంక మనం కూసోవాలె" అన్నారు. ఆ మాటను అప్పుడు నేను ఆ ఆసామి గురించే అనుకున్నాను.

ప్రశ్న అయ్యాక పీకుడు. ప్రింటర్, కెమెరా, వేలిముద్ర మిషన్, ఏది తగిలించి ఉంటే అది ఒక్కొక్కటీ పీకి, తెల్ల తువ్వాలు పరిచి పీకిన వరుసలోనే పెడతారు. కీబోర్డు, మౌస్ తప్ప ఇంకేమీ లేకుండా లేపుతారు. లేచిందా, మళ్లీ అదే వరుసలో ఒక్కొక్కటీ తగిలించి చూస్తారు. ఏది తగిలిస్తే ఆగిపోయిందో అదే దొంగ. తువ్వాలు మీద వరుస నేను తప్పిస్తే ఆయనకు కోపం వచ్చేది. ఆయనకు కోపమొస్తే చెమట తుడుచుకునేవారు, అంతకుమించి ఏమీ ఉండేది కాదు.

ఇక స్టిక్కర్. అప్‌గ్రేడ్‌కు పెట్టిన ప్రతి కంప్యూటర్ పవర్ బటన్ మీద, అమ్మ పెట్టుకునే ఎర్ర స్టిక్కర్ బొట్టు ఒకటి అంటిస్తారు. అది ఉన్నంతసేపు ఆ బటన్ ఎవరూ ముట్టకూడదు. కొత్త సిస్టమ్ ఎక్కాక మొదటిసారి లేవడానికి ఒక్కోసారి గంట కూడా పడుతుంది. తెర చూస్తే చచ్చిపోయినట్టే ఉంటుంది. కానీ బటన్ పక్కనున్న చిన్న దీపం కొట్టుకుంటూ ఉంటే లోపల పని నడుస్తున్నట్టు. "దీపం కొట్టుకుంటున్నంతసేపు బటన్ మీద చెయ్యెయ్యకు. దానంతట అదే లేవాలె" అనేవారు. ఈ మాట రోజుకు నాలుగుసార్లు వినేదాన్ని. కంప్యూటర్‌కు గూడ బొట్టు వెట్టిండ్రా సార్ అని వచ్చినవాళ్లు నవ్వేవారు. అమ్మేమో తన ప్యాకెట్లన్నీ షాపుకే సరిపోతున్నాయని సణిగేది.

ఇప్పుడు నా సంగతి.

అలియాబాద్‌లో ఒక అన్న ఫొటో స్టూడియో నడుపుతాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లు చాలావరకు ఆయనవే. తన కంప్యూటర్ అప్‌గ్రేడ్‌కు ఇచ్చాడు. ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ తియ్యమని సార్ నాకు చెప్పారు. నేను డీ డ్రైవ్ మొత్తం కాపీ తీసి, అయింది సార్ అన్నాను. డెస్క్‌టాప్ మీదున్నవి డీలో రావు, దాన్ని తెరిచి చూడలేదు. మా దిక్కు మనుషులు ముఖ్యమైనదేదైనా కళ్ల ముందుండాలని డెస్క్‌టాప్ మీదే పెట్టుకుంటారని నాకు తెలియదా? బాగా తెలుసు. సార్ వందసార్లు చెప్పారు. తొందరలో చూడలేదు, అంతే.

మధ్యాహ్నం సార్ షుగర్ పరీక్షకని సుచిత్ర చౌరస్తా దాకా వెళ్లారు. బటన్ మీద స్టిక్కర్ ఉంది. తెర మీద చుక్కలు తిరుగుతున్నాయి. అరగంట తిరిగాయి, ముప్పావుగంట తిరిగాయి. ఈలోపు ఆ అన్న మూడుసార్లు ఫోన్ చేశాడు, సాయంత్రం ఎవరికో ఆల్బమ్ చూపించాలట. మూడోసారికి నాకు చిరాకెత్తింది. దీపం కొట్టుకుంటూనే ఉంది. చూశాను. చూసి కూడా స్టిక్కర్ గోటితో లేపి, బటన్ పది లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకున్నాను.

మళ్లీ స్టార్ట్ చేస్తే నీలం తెర వచ్చింది. ఆ తర్వాత రిపేర్ చేస్తున్నానంటూ తిరిగి తిరిగి మొదటికే వచ్చింది. ఫైళ్లు ఉంచి సరిచేయమంటావా, అన్నీ తీసేసి సరిచేయమంటావా అని అడిగింది. ఉంచమంటే కుదరదంది. కాపీ తీశాను కదా అన్న ధైర్యంతో రెండోది నొక్కాను. మిషన్ శుభ్రంగా లేచింది. కాపీ తీసిన డిస్కు తెరిచి వెతికితే ఆ సీజన్ పెళ్లిళ్ల ఫొటోలు ఒక్కటీ లేవు, అవన్నీ డెస్క్‌టాప్ మీద ఉన్నాయని అప్పుడు అర్థమైంది. కెమెరా కార్డులేమో ఆ అన్న అప్పటికే చెరిపేసి మళ్లీ వాడేశాడు. స్టిక్కర్‌ను మళ్లీ బటన్ మీద అంటించి, నా స్టూలు మీద కూర్చున్నాను.

సార్ వచ్చి తెర చూశారు. తర్వాత బటన్ చూశారు. స్టిక్కర్ వంకరగా, ఒక అంచు పైకి లేచి ఉంది. దాన్ని వేలితో అదిమారు. ఖాళీ డెస్క్‌టాప్ మీద ఫొటోల కోసం వెతికారు. మూడు రోజులు ఆ డిస్కుతో కుస్తీ పట్టారు. సగం ముఖాలు, చెదిరిన చీర రంగులు తప్ప ఏమీ రాలేదు. ఆ అన్న వచ్చి గొంతు చించుకుంటుంటే సార్ చేతులు కట్టుకుని నిలబడి, "తప్పు నాదే. నా చేతిల పోయింది" అన్నారు. నేను పక్కనే తువ్వాలు మడతపెడుతూ ఉన్నాను. మడత విప్పి మళ్లీ మడతపెట్టాను.

ఇది చదువుతున్న మేడ్చల్ వాళ్లకు ఆ తర్వాతది తెలుసు. సార్ ముసలోడైండు, కొత్త సిస్టములు ఆయనకు రావని మీరందరూ విన్నారు. కొందరు నాతోనే అన్నారు, నేను తలూపాను కూడా. స్కూళ్లవాళ్లు రావడం మానేశారు, ప్లాట్ల ఆఫీసులవాళ్లు మానేశారు. ఏడాది తిరక్కుండా నేను ఈ కాలేజీ ఉద్యోగంలో చేరాను. ఆ ఉద్యోగానికి నా గురించి చెప్పింది ఎవరనుకున్నారు? సారే. "మస్తు ఓపికున్న పిల్ల" అని చెప్పారట. ఆ మాట కాలేజీలో విని నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తర్వాత ల్యాబ్‌లో ఏది ఆగిపోయినా ఫోన్ చేసేదాన్ని. ఎత్తగానే అదే ప్రశ్న, ఆఖరికి ఏం జేసినవ్ అని. ప్రతిసారీ, ఇవాళ దాని గురించే అడుగుతున్నారేమో అనుకునేదాన్ని. కాదు, ల్యాబ్ మిషన్ గురించే. ఊళ్లో ప్రతి మనిషినీ అడిగిన ఆ ప్రశ్నను, నేను జవాబు చెప్పాల్సిన ఆ ఒక్క మిషన్ గురించి మాత్రం సార్ నన్ను ఎప్పుడూ అడగలేదు.

పదకొండో దినం నాడు సార్ ఇంటి ముందు టెంటు వేశారు. అలియాబాద్ అన్న దండ తీసుకుని వచ్చాడు. ఆయన రావడం చూసి నాకే ఆశ్చర్యమేసింది. భోజనాల దగ్గర పక్కాయనతో అన్నాడు, మనిషి మంచోడే గని చివరికి చెయ్యి తప్పింది, నా సీజన్ మొత్తం ముంచిండు అని. గట్టిగా ఏం అనలేదు. కానీ అన్నం గిన్నెతో వడ్డిస్తున్న అమ్మ వింది. వినీ విననట్టు ముందుకు పోయి, ఆ వరుస సగంలో వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

నేను విస్తరి ముందు నుంచి లేచాను. "అన్నా, గది సార్ జేసింది కాదు. నేను జేసిన" అన్నాను. కాపీ సగం తీసిన సంగతి, స్టిక్కర్ పీకిన సంగతి, బటన్ నొక్కిన సంగతి అంతా చెప్పాను. ఆయన తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. చేతిలో ముద్ద విస్తరిలో పెట్టేశాడు.

"మూడేండ్ల సంది షాపు ముందలికెళ్లి పోతున్న చెల్లె. ఒక్కనాడు మెట్లెక్కలే. పైనుంచి ఆయన చెయ్యి లేపినా చూడనట్టు పోయిన" అన్నాడు. లేస్తూ, "గిది ఆయనున్నప్పుడు జెప్పాలె గద" అన్నాడు. చెయ్యి కడుక్కుని, సార్ ఫొటో ముందు మళ్లీ ఒకసారి నిలబడి వెళ్లిపోయాడు. ఆ అన్న ఫొటోలే కాదు, సార్‌తో పలకరింపు కూడా నేనే పోగొట్టాను. దీనికి నా దగ్గర క్షమాపణ లేదు.

లోపల అమ్మ బియ్యం బస్తా పక్కన కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర కూర్చుని ఆమెకూ చెప్పబోయాను. చెప్పనివ్వలేదు.

"ఆయనకు తెలుసు బిడ్డా. స్టిక్కర్ వంకరున్నదని ఆనాడే ఇంటికొచ్చి జెప్పిండు. మరి పిల్లను అడగరాదా అన్న. వద్దు, బటన్ నొక్కినట్టయితది, దానంతట అదే జెప్తది అన్నడు" అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు ఫోన్ జేసినప్పుడల్లా, ఇయ్యాల జెప్తదేమో అని బయటికి పోయి మాట్లాడేటోడు."

నేను బోరుమని ఏడ్చాను. అమ్మ ఆపమనలేదు. వచ్చేటప్పుడు, షాపు టేబుల్ సొరుగులో దొరికిందని సగం వాడిన స్టిక్కర్ ప్యాకెట్ నా చేతిలో పెట్టింది.

ల్యాబ్‌లో ఆ పదకొండింట్లో పదింటిని సార్ పద్ధతిలోనే లేపాను, తువ్వాలు పరిచి, ఒక్కొక్కటీ పీకి, వరుస తప్పకుండా. ఒక్కటి మిగిలింది. నిన్న పొద్దున దానికి మళ్లీ మొదటి నుంచి సిస్టమ్ ఎక్కించి, ఆ ప్యాకెట్‌లోంచి ఒక స్టిక్కర్ తీసి బటన్ మీద అంటించాను. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆఖరికి ఏం జేసినవ్ అని ఎవరూ అడగకపోయినా, జరిగిందంతా మొదటి నుంచి మెల్లగా, పైకే చెప్పాను, సార్ వింటున్నట్టు. టీ తెప్పించుకున్నాను, అదీ అయిపోయింది. చుక్కలు తిరుగుతున్నాయి, పక్కన చిన్న దీపం కొట్టుకుంటోంది. చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.