ఎడపల్లికి పోయిన ఆకు

ఆ ఏడు నాట్ల కాలంలో నేను నిజామాబాద్ వెళ్లాల్సి వచ్చింది. అక్కడి ఒక బీడీ కార్ఖానాలో కొత్తగా కంప్యూటర్ పెట్టారు. ఏ రోజుకు ఎంత సరుకు తయారవ్వాలో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్‌ను అందులో అమర్చడం నా పని. చిక్కడపల్లి గ్రంథాలయంలో ఫ్యాక్టరీల నిర్వహణ మీద దొరికిన పుస్తకాలన్నీ చదివినవాణ్ణి. పనిని బయట చేయించడం గురించిన అధ్యాయమైతే దాదాపు కంఠతా వచ్చు.

పొద్దున కాచిగూడలో ప్యాసింజర్ ఎక్కి, కామారెడ్డిలో వేడి మిర్చీలు తిని, పదకొండు దాటాక నిజామాబాద్‌లో దిగాను. ఎదుటి సీట్లో బాల్కొండ పసుపు రైతు ఒకాయన దారంతా నన్ను ఆరా తీశాడు.

"కంప్యూటర్ బీడీలు చుడ్తదా?"

"చుట్టదు. ఎవరికి ఎంత ఆకు పంపాలో చెప్తుంది."

"గది మా అవ్వ గూడ చెప్తది," అని కిటికీ వైపు తిరిగాడు.

కార్ఖానాలో బీడీలు చుట్టరు. చుట్టే తునికాకు, లోపల పెట్టే తంబాకు ఇళ్లకు పోతాయి. ఆడవాళ్లు చుట్టి తెచ్చాక భట్టీలో కాల్చడం, కట్టలు కట్టడం ఇక్కడ. ఇంటికి పోయిన ఆకు కూడా కార్ఖానా సరుకే కాబట్టి దానికి విడిగా ఒక ఖాతా తెరిచాను. కార్ఖానా యజమాని సేఠ్ చెప్పినట్టే, ఇచ్చిన మర్నాడు బీడీలు తిరిగి రావాలని గడువు పెట్టాను. గుమాస్తా ఎక్కించిన పాత రోజుల వివరాలతో ప్లాన్ నడిపితే, తెర మీద ఊళ్లన్నీ పచ్చగా ఉన్నాయి. ఎడపల్లి మాత్రం గడువు తప్పినట్టు ఎర్రగా వెలిగింది.

సేఠ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "చూసినవా? నాకెప్పటి నుంచో అనుమానం. రేపటి నుంచి ఎడపల్లి సెంటర్ బంద్. ఆ ఆకు టౌన్‌ల గల్లీలకిస్త."

తేరిపార చూస్తే ఒక రోజు ఏమీ రాకపోతే మర్నాడు రెట్టింపు వస్తోంది. మొత్తం ఎక్కడా తగ్గలేదు. "ఒకసారి ఊరు చూసొస్తాను," అన్నాను.

"పో. పొద్దుమూకక ముందే రా. ఆకు బండికి చెప్పాలె."

బస్టాండు స్టేషన్‌కు దగ్గరే. ఒంటిగంట బోధన్ బస్సు ఎక్కితే, చెరుకు తోటల మధ్య నుంచి గంటలోపే ఎడపల్లిలో దింపింది. వీధిలో తలుపులన్నిటికీ తాళాలు. అరుగు మీద ఒక అవ్వ మాత్రం ఉంది.

"నాట్లకు పోయిండ్రు బిడ్డ. మూడింటికి వస్తరు. కూసో."

మూడింటికి ఆడవాళ్లు మోకాళ్ల దాకా బురదతో వచ్చారు. వాళ్లలో గంగమణి అనే ఆమె ఇంట్లోనే ఊరికి ఆకు పంచే సెంటర్. సేఠ్ సెంటర్ మూసేస్తానన్న సంగతి చెప్పగానే ఆమె నవ్వు ఆగిపోయింది.

"బంద్ పెడ్తడా? నాట్లు నెల దినాలు, బీడీలు ఏడాదంత. సెంటర్ పోతే బోధన్ సెంటర్ దాక నడిచి ఆకు తేవాలె, పిల్లలున్నోళ్లు ఎట్ల పోతరన్నా?"

"మరి రోజూ ఎందుకివ్వట్లేదు?"

"ఒక దినం నాటేస్తం, ఒక దినం చుడ్తం. సగం మందిమి గట్ల, సగం మందిమి గిట్ల అయితే పొలం కాడ ముఠా తెగుతది. గందుకే అందరం ఒక్కతీరు. మీ సేటుకు ఎవ్వలు చెప్పలే?"

"చెప్పినట్టు లేదు."

"గా కంప్యూటర్‌కన్న చెప్పు," అందొకామె. అందరూ నవ్వారు. చాయ్ తాగించి, నా చేతికి ఒక ఆకు ఇచ్చారు. నేను చుట్టిన బీడీ రెండు వైపులా తంబాకు కక్కింది.

ఐదున్నరకు కార్ఖానా చేరి, ఎడపల్లి గడువును రెండు రోజులు చేశాను. ఆకు కూడా రోజు విడిచి రోజు, రెట్టింపుగా పోయేలా మార్చాను. ఖాళీ రోజు భట్టీకి టౌన్ బీడీలు సరిపోతాయా అని సేఠ్ అడిగాడు. ప్లాన్ నడిపితే సరిపోయాయి. పెట్టెలు బయలుదేరే తేదీ కదల్లేదు. ఆయన తెరను కాసేపు చూసి ఎడపల్లికి ఫోన్ చేశాడు.

"గంగమణీ, రేపు రెండు దినాల ఆకు వస్తది. నాట్లు అయినంక చెప్పు, మల్ల రోజుకు మారుస్త."

తిరుగు రైల్లో సీటు దొరికింది, నిద్ర దొరకలేదు. అంత సంతోషంగా ఉన్నాను. నిజామాబాద్ వెళ్లేవారు కార్ఖానా చూసి తిరిగి రాకండి, బోధన్ బస్సెక్కి ఎడపల్లి దాకా వెళ్లండి. నాట్ల కాలమైతే మూడు దాటాకే వెళ్లండి. అంతకు ముందు ఆ ఊరు పొలాల్లో ఉంటుంది.