వజ్రమ్మ మిద్దె మీది తొలి సొరకాయ

వజ్రమ్మ వండిన కూర బాగాలేదని సూరత్ లింబాయత్‌లో ఇంతవరకు అన్నవాళ్లు లేరు. ఆ ఆదివారం నేను అనాల్సింది. అనలేదు. ముప్పై ఏళ్లు మున్సిపాలిటీ తెలుగు బడిలో పిల్లల చెవులు మెలిపెట్టి, తప్పును తప్పని మొహం మీదే చెప్పిన పద్మారాణి టీచర్, ఒక్క ముద్ద కూర చేదుగా ఉందని చెప్పడానికి మొహమాటపడింది. వజ్రమ్మ గురించి రాద్దామని కూర్చున్నాను గానీ, ఇందులో సగం నన్ను నేను తిట్టుకోవడమే ఉంటుంది. ముందే చెప్పేస్తున్నాను.

వజ్రమ్మది మా వెనక సందు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి పెళ్లయిన ఏడాదికే మొగుడి వెంట సూరత్ వచ్చేసింది. ఆ మొగుడు మొండయ్య ముప్పై ఏళ్లు సాంచాల మీద బట్ట నేసి, ఆ చప్పుడికి సగం చెవుడు తెచ్చుకున్నాడు. కొడుకు సంపత్ కడోదరాలో ఒక మిల్లులో పన్నెండు గంటల డ్యూటీ చేస్తాడు. కోడలు సంగీత నెమ్మదస్తురాలు, అవసరమైనదానికంటే నెమ్మదస్తురాలు. కింద రెండు గదులు, పైన మిద్దె. మిద్దె నిండా వజ్రమ్మ తోట.

పాత నీలం డ్రమ్ములు సగానికి కోయించి, తట్టెడు తట్టెడు మట్టి నెత్తిన పెట్టుకుని నిచ్చెనెక్కి నింపింది. బీర, చిక్కుడు, వంగ, తోటకూర, ఒక బొప్పాయి చెట్టు, పిట్టగోడ పొడుగునా కనకాంబరాలు. పక్కింట్లో సాంచాలు ఆడుతుంటే మిద్దె అదురుతుంది. ఆ అదురుకే తన టమాటా పూత రాలుతోందని వాళ్లను రోజూ పొద్దున్నే ఏకిపారేస్తుంది. కాసిన కాయ మాత్రం సందంతా పంచుతుంది. వద్దంటే కోపం. డబ్బులిస్తామంటే ఇంకా కోపం.

ఆమెకొక పద్ధతుంది. దోసకాయ గానీ బీరకాయ గానీ సొరకాయ గానీ, తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి నాలుక్కి తగిలించి చూడకుండా పొయ్యి మీద పెట్టదు. "మా అవ్వ నేర్పింది పంతులమ్మా. చేదు ఆనిగెపుకాయ తింటే పాణం మీదికొస్తది" అనేది. సొరకాయను వాళ్ల వైపు ఆనిగెపుకాయ అంటారు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఏ తీగకైనా తొలి కాయ పోచమ్మ తల్లిది. దాన్ని వండి తల్లికి పెట్టేదాకా ఎవరూ నోట్లో వేసుకోకూడదు. ముక్క నాలుక్కి తగిలినా ఎంగిలే. ముప్పై ఏళ్లుగా ఈ రెండు పద్ధతులూ ఒకదాని జోలికి ఒకటి రాలేదు. తొలి కాయలన్నీ తియ్యగానే కాశాయి మరి.

మొన్న మే నెలలో ఆమె చుట్టాలింట్లో పెళ్లికని పది రోజులు ఊరికి వెళ్లింది. నీళ్లు పోయమని మొండయ్యకు పదిసార్లు చెప్పింది. ఆయన పది రోజుల్లో నాలుగు రోజులు పోసి ఉంటాడు. సూరత్ ఎండ సంగతి తెలిసిందే. ఆమె తిరిగొచ్చేసరికి సొరతీగ సొమ్మసిల్లి పడి ఉంది. మొగుణ్ని దుమ్మెత్తిపోసి, తీగకు మళ్లీ నీళ్లు పట్టి బతికించుకుంది. ఒక్క కాయ నిలిచింది. లేత పచ్చగా, నున్నగా, చూడముచ్చటగా ఉంది. ఆ ఆదివారం దాన్ని కోసి శనగపప్పు వేసి వండి, తల్లికి పెట్టి, నన్ను కూడా భోజనానికి పిలిచింది.

సంగీతకు అప్పుడు అయిదో నెల. నిరుడు ఒకటి మూడో నెలలోనే పోయింది. అప్పటినుంచి వజ్రమ్మ కోడల్ని బిందె కూడా ఎత్తనివ్వడం లేదు. మిద్దె నిచ్చెన మీద కాలు పెడితే కింది నుంచే అరుపు. "గిట్ల చేస్తే పిల్ల నడక మరిచిపోతుందే తల్లీ" అని నేను వెక్కిరించేదాన్ని. "మరిచిపోనీ, నేనే మోస్త" అనేది.

విస్తళ్ల ముందు మొండయ్య, సంగీత, నేను ముగ్గురం కూర్చున్నాం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే చేదు చెవుల దాకా పాకింది. తల తిప్పి చూశాను. మొండయ్య మామిడికాయ తొక్కు కలుపుకుని గబగబా నాలుగు ముద్దలు మింగుతున్నాడు. నలభై ఏళ్లు తంబాకు నమిలిన నాలుక, దానికి రుచేంటి! సంగీత తల వంచుకుని తింటోంది. మెంతులు మాడాయేమో అనుకున్నాను. ప్రసాదం ఎలా ఉమ్మేస్తాం అనుకున్నాను.

"మంచిగుందా పంతులమ్మా?" అని అడిగింది వజ్రమ్మ, గరిటె చేతిలో పట్టుకుని.

"బాగుంది" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో! రెండో ముద్ద కూడా మింగి, మిగతా కూర అన్నం కిందకి నెట్టి, పెరుగు పోసుకుని బయటపడ్డాను. వజ్రమ్మ కోడలికి మారు వడ్డించింది. ఆ పిల్ల కిక్కురుమనకుండా అదీ తినేసింది.

అందరం చేతులు కడుక్కున్నాక వజ్రమ్మ తన కంచం పెట్టుకుంది. పండించిన మనిషి, వండిన మనిషి, అందరికంటే చివర తినే మనిషి. మొదటి ముద్దకే అరచేతిలోకి ఉమ్మేసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చేదున్నది" అంది. తర్వాత కేక పెట్టింది. "సంగీతా! చేదున్నది గదనే! ఎట్ల తింటివే బిడ్డా!"

సంగీత బిత్తరపోయి చూసింది. "నెల సంది నాకు పాలు గూడ చేదే ఉంటున్నయి అత్తమ్మా. నా నోరే గట్లున్నదనుకున్న."

పావుగంట తిరక్కుండానే సంగీతకు వాంతులు మొదలయ్యాయి. నాకు కూడా కడుపులో మెలిపెడుతోంది గానీ, ఆ పిల్లను చూశాక నా సంగతి మరిచిపోయాను. గోడ పట్టుకుని లేచి, రెండడుగులు వేసి, కూలబడింది. రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంది. వజ్రమ్మ మిగిలిన కూరను స్టీలు డబ్బాలోకి ఒంచి మూత పెట్టింది. మొండయ్య దాన్ని మోరీలో పారబొయ్యమని అరుస్తున్నా వినిపించుకోలేదు. సందు చివర షేర్ ఆటోను ఆపి, అందులో ఉన్నవాళ్లందర్నీ దింపేశాను. ఒక్కడు గొణిగాడు. నేను చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

ఆటోలో మొండయ్య గుసగుసగా మాట్లాడాననుకున్నాడు. చెవుడు మనిషి గుసగుస సగం బజారుకు వినిపిస్తుంది. "ఆనిగెపుకాయ అని చెప్పకుండ్రి. అత్త కోడలికి ఇసం పెట్టిందంటరు. పోలీసులొస్తరు. బయట పానీపూరి తిన్నదని చెప్పుండ్రి. పంతులమ్మా, నీకు దండం బెడ్త."

వజ్రమ్మ కూర డబ్బాను చంకలో ఇరికించుకుంది. కోడలి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు చూశాడు. ఏం తిందని అడిగాడు. మొండయ్య పానీపూరి అన్నాడు. డాక్టరు నా వైపు తిరిగి గుజరాతీలో అడిగాడు, నిజమేనా అని. నా నోరు పెగల్లేదు. పోలీసు అన్న మాట నాలోనూ దూరి కూర్చుంది మరి. నేనూ ఆ ఇంటి భోజనానికి వెళ్లినదాన్నే కదా! కడుపుతో ఉన్నవాళ్లకు బయటి తిండి పడక వాంతులు మామూలేనని, ఇంజెక్షన్ చేసి పంపిస్తానని చీటీ రాయడం మొదలుపెట్టాడు. మొండయ్య ఊ, ఊ అని తలూపుతున్నాడు.

"ఏమంటుండు?" అని వజ్రమ్మ నన్ను అడిగింది. చెప్పాను. మనిషి ఒక్కసారిగా బల్ల మీదికి వంగి ఆ చీటీ మీద అరచెయ్యి పెట్టేసింది.

"నహీ సాబ్. పానీపూరీ నహీ. దూధీ. కడ్వీ దూధీ. మై ఖిలాయీ సాబ్, మై!"

గుజరాతీ వాళ్లు సొరకాయను దూధీ అంటారు. చేదు సొరకాయ, తినిపించింది నేనే అంటోంది. ఆ మాట వినగానే డాక్టరు చేతిలో పెన్ను ఆగింది. వజ్రమ్మ డబ్బా మూత తీసి, చేదెంతో చూపించడానికి ముక్క తన నోట్లో పెట్టుకోబోయింది. ఆయన ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపాడు. ఎంత తిందని నన్ను అడిగాడు. అప్పుడు నాకు మాటొచ్చింది. రెండుసార్లు వడ్డించుకుని తిందని, నేను రెండు ముద్దలు, మొండయ్య నాలుగు ముద్దలు తిన్నామని, గంట కావస్తోందని అన్నీ చెప్పాను. వెంటనే బీపీ చూశారు. పడిపోయి ఉంది. పరుగులు మొదలయ్యాయి. లోపలికి తీసుకెళ్లే లోపే సంగీత ఇంకోసారి వాంతి చేసుకుంది. అందులో నెత్తురుంది.

దీనికి విరుగుడు మందంటూ లేదని పెద్ద డాక్టరమ్మ వచ్చి చెప్పింది. సెలైన్లు ఎక్కించాలి, నెత్తురు ఆగుతుందేమో చూడాలి, బీపీ నిలబడుతుందేమో చూడాలి. తీగ ఎండకు వాడిపోతే కాయలో ఒక్కోసారి ఈ చేదు విషం ఊరుతుందట, ఉడికించినా పోదట. "రేపటిదాకా ఏమీ చెప్పలేను. తల్లి సంగతీ, బిడ్డ సంగతీ" అంది. మొండయ్యకూ నాకూ కూడా చెరో మంచం ఇచ్చారు. మేమిద్దరం సాయంత్రానికి తేరుకున్నాం.

నేను లేచి వెళ్లి చూస్తే వజ్రమ్మ వార్డు బయట మెట్ల మీద ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. సంపత్ డ్యూటీ మధ్యలోంచి వచ్చాడు, జుట్టు నిండా నూలు దుమ్ము. తల్లి పక్కన కూర్చోలేదు. అయిదు మెట్లు కిందికి వెళ్లి కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె ఆ అయిదు మెట్లనే చూస్తూ ఉంది.

"నాలుక మీద జర పెట్టుకుంటే ఏమైతుండె పంతులమ్మా? పోచమ్మ తల్లి ఏమనుకుంటుండె?" అంది.

ఇక ఆపుకోలేకపోయాను. పక్కన కూర్చుని చెప్పేశాను. "నాకు తెలుసు వజ్రమ్మా. మొదటి ముద్దకే తెలిసింది. నువ్వు అడిగితే బాగుందన్నాను."

ఆమె నా మొహంలోకి చూసింది. ఈమె నోటికి భయపడి వీధిలో కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయి. తిడుతుంది, జుట్టు పట్టుకుంటుంది అనుకున్నాను. పట్టుకోవాలని కోరుకున్నాను కూడా.

"చెప్పకపోతివి" అంది. అంతే. "ఆమెకు మారు పెట్టకపోదును గదా."

నేను బతికున్నంతకాలం ఆ మాట నన్ను వదలదు.

మర్నాడు పొద్దున సంగీతను స్కానింగుకు తీసుకెళ్లారు. నన్ను లోపలికి రానిచ్చారు. తెర మీద బిడ్డ గుండె చిన్న చుక్కలా టకటకా కొట్టుకుంటోంది. డాక్టరమ్మ తలూపింది. నెత్తురు వాంతులు ఆగాయి, బీపీ నిలబడింది, కానీ ఇంకో రోజు గడిస్తేగానీ గండం గడిచిందనలేనంది. నేను బయటికొచ్చి చెప్పబోతే వజ్రమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది. "వద్దు, వద్దు, చెప్పకు" అంది. నాకు ఒళ్లు మండింది. ఆ చేతులు బలవంతంగా లాగేసి, "కొట్టుకుంటోంది, వినవే పిచ్చిదానా!" అని అరిచాను. అయిదు మెట్ల కింద సంపత్ లేచి నిలబడ్డాడు. పైకొచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

మధ్యాహ్నం గంజి పట్టవచ్చని చెప్పారు. ఆసుపత్రి వంటింట్లోంచి నర్సు గిన్నెలో తెచ్చిన గంజి. సంగీత నర్సు చేతిలోంచి తాగలేదు. పెదాలు పగిలిపోయి, మాట పీలగా వస్తోంది. "అత్తమ్మను పిలువుండ్రి" అంది.

వజ్రమ్మను నేనూ సంపత్ చెరో రెక్కా పట్టి లోపలికి తెచ్చాం. ఆమె గిన్నె అందుకుంది. చెంచా ముంచింది. సంగీత నోరు తెరిచింది. వజ్రమ్మ ఆ చెంచా తన నోట్లో పెట్టుకుంది. ఇంకో చెంచా తాగింది. గిన్నె ఒళ్లో పెట్టుకుని, గోడ మీది గడియారం వైపు తిరిగి కూర్చుంది.

"అది ఆసుపత్రిదే అమ్మా" అన్నాడు సంపత్.

"తెలుసు కొడుకా."

అయిదు నిమిషాలు. పది. గంజి చల్లారిపోతోంది. "అత్తమ్మా, ఆకలైతున్నది" అంది సంగీత.

"జర ఆగు బిడ్డా. నాకేమన్న అయితదేమో చూడనియ్యి" అంది వజ్రమ్మ, గడియారం మీంచి కళ్లు తిప్పకుండానే.

ఇదేం చోద్యమే, ఆకలితో ఉన్న పిల్లకు పట్టు అని తిట్టబోయాను. తిట్టలేకపోయాను. నేనూ గడియారమే చూస్తున్నాను.