వెయ్యిన్నొకటిలో ఆరున్నొకటి

నూకాలమ్మ నోట ఏడు అనే అంకె ఎవరూ వినలేదు. శ్రీకాకుళం వైపు నుంచి భర్త వెంట, హిందీ మాట్లాడే ఉక్కు కర్మాగారం ఊళ్లోని ఖుర్సీపార్ వాడకు వచ్చినప్పుడు తెచ్చుకున్న సామానులో ఆ భయమూ ఒకటి. ఏడంటే ఏడుపు. అందుకే బియ్యం కొలిచినా, ఇడ్లీలు లెక్కపెట్టినా ఆరు తర్వాత "ఆరున్నొకటి" అనేది, ఆపైన ఎనిమిది.

ఆ లెక్కలోనే పెరిగింది కూతురు అహల్య. బడిలో హిందీ, ఇంట్లో తెలుగు. ఏడో ఎక్కం దగ్గర మాత్రం రెండు భాషలూ గొంతులోనే ఆగిపోయేవి. అయినా అంకెలంటే ప్రాణం. కొలిమి వెలుగు ఆకాశాన్ని ఎర్రగా తడిపే సాయంత్రాల్లో వాడ పిల్లల్ని వాకిట్లో కూర్చోబెట్టి, పెద్ద పెద్ద సంఖ్యల్ని పనసపండులా ఒలిచి తొనలు చేతుల్లో పెట్టేది. నలభై దాటాక ఇన్నాళ్లకు వైశాలి నగర్‌లోని ఒక బడి పిలిచింది. ఒక పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే లెక్కల టీచరు ఉద్యోగం.

"ఆ అంకె జోలికెల్లకే," అంది నూకాలమ్మ, కూతురు చెప్పులేసుకుంటుంటే.

"లెక్కల పాఠంలో దాన్నెలా తప్పించీదమ్మా?"

"మీ నాన నా కంట పడకుండా ఇరవయ్యేళ్లు బీడీలు కాల్చాడు. నువ్వో అంకెని తప్పించలేవేటి?"

క్లాసులో వెనక బెంచీ మీద ప్రిన్సిపాల్ కూర్చుంది. ఏవైనా మూడంకెలు చెప్పమంది అహల్య. ఒక పాప ఐదు, ఎనిమిది, మూడు అంది. వాటినే రెండుసార్లు పక్కపక్కన రాసింది. 583583. పట్టాల మీద ఆగిన ఆరు పెట్టెల బండిలా ఉంది.

"ఇప్పుడు దీన్ని..." ఏడుతో భాగించమనబోతే, అమ్మ ఆరున్నొకటే హిందీలో జారిపడింది. "ఛే ఔర్ ఏక్ సే భాగ్ దో."

పిల్లలు ఘొల్లుమన్నారు. "మేడమ్, సాత్ బోలియే నా!"

ప్రిన్సిపాల్ పెన్ను ఆగింది. ఉద్యోగం పోయినట్టే. ముఖం దాచుకోవడానికి అహల్య బోర్డు వైపు తిరిగింది. 583 వేలు, పక్కన ఇంకో 583. అంటే వెయ్యిన్నొక్క 583లు. ఈ కిటుకు ఎప్పటినుంచో తెలుసు. కానీ వెయ్యిన్నొకటి, ఆరున్నొకటి ఒకే తీరు జడ వేసుకున్న అక్కచెల్లెళ్లని ఇప్పుడే కనిపించింది.

మళ్లీ పిల్లల వైపు తిరిగింది. సాత్‌కి ఉన్న తెలుగు మాటలో ఏడవమనే అర్థం కూడా ఉందనీ, అందుకే తన అమ్మ ఆ అంకెను ఆరున్నొకటి అంటుందనీ హిందీలో చెప్పింది. "ఈ సంఖ్యలో వెయ్యిన్నొకటి ఉంది. దానిలో ఆరున్నొకటి దాక్కుంది. పట్టుకోండి."

పిల్లలు ఏడుతో భాగించారు. శేషం లేదు. వచ్చినదాన్ని, ఆమె చెప్పినట్టే, పదకొండుతో, తర్వాత పదమూడుతో. ఊరెళ్లిన మనిషి గుమ్మంలో ప్రత్యక్షమైనట్టు 583 తిరిగొచ్చింది. ఏడు, పదకొండు, పదమూడు గుణిస్తే వెయ్యిన్నొకటి మరి! ఇక ఎవరి మూడంకెలు వాళ్లు రెండేసిసార్లు రాసుకుని భాగించారు. ఏ సంఖ్యా మిగులు మిగల్చలేదు. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ కూడా భాగిస్తోంది.

ఇంటికి రాగానే నూకాలమ్మ ఎదురొచ్చింది. "ఏటైందే?"

"ఇచ్చారమ్మా."

"ఏ క్లాసు?"

అహల్య తడబడింది. "ఆరున్నొకటో క్లాసు."

"పంతులమ్మవి. సరిగ్గా చెప్పు."

"ఏడో క్లాసు."

"ఏడో క్లాసు," అంది నూకాలమ్మ, వేడి టీ పెదవికి ఆనించి చూసినట్టు. తర్వాత నవ్వింది. "ఏడిస్తే ఇక ఆ లెక్కలే ఏడవాల. నువ్వెందుకేడుస్తావు?"